85 డాలర్ల బాక్సింగ్ పీపీవీ: మన డబ్బు బాక్సర్ దాకా ఎంత చేరుతుంది?

రేటింగ్ ముందే చెప్పేస్తా, తిట్టేవాళ్లు మొత్తం చదివాక తిట్టండి. అమెరికాలో ఒక్కో ఫైట్‌కి విడిగా డబ్బు కట్టి టీవీలో చూసే బాక్సింగ్ ఉంది కదా, ఈ పే-పర్-వ్యూ (పీపీవీ) అనే సరుకు, దానికి నా తరఫున ఐదుకి రెండు. ఆ రెండూ మెయిన్ ఈవెంట్‌లో, అంటే ఆ రాత్రి చివరన వచ్చే అసలు ఫైట్‌లో, దెబ్బలు తిన్నవాళ్లకే, అమ్మినవాళ్లకి కాదు.

2023 ఏప్రిల్ 22న లాస్ వేగాస్‌లో జర్వోంటా డేవిస్, రయన్ గార్సియా ఫైట్‌ని 84.99 డాలర్లకి అమ్మారు. అప్పటి లెక్కలో దగ్గర దగ్గర ఏడు వేల రూపాయలు. మేం డాలస్‌లో నలుగురు తెలుగువాళ్లం తలా ఇంత వేసుకుని ఒక ఇంట్లో కూర్చుని చూశాం కాబట్టి పెద్దగా నొప్పి తెలియలేదు, ఒక్కడినే కొనాలంటే మాత్రం నా చెయ్యి రాదు. మెయిన్ ఈవెంట్ బాగుంది, అందులో అనుమానం లేదు. రెండో రౌండ్‌లో గార్సియా ఒకసారి కింద పడ్డాడు, ఏడో రౌండ్‌లో పొట్ట మీద ఒక దెబ్బ తగిలింది, రెండు అడుగులు వెనక్కి వేసి మోకాలి మీద కూర్చుండిపోయాడు, పది లెక్కపెట్టేలోపు లేవలేదు. దానికి ముందు ఏముంది అంటారా? దాని ముందు ఫైట్ మొదటి రౌండ్‌లోనే అయిపోయింది. ఇక మిగతా సాయంత్రమంతా యాడ్లు, ఇంటర్వ్యూలు, పాత క్లిప్పింగులు. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టే అండర్‌కార్డ్, అంటే మెయిన్ ఈవెంట్‌కి ముందు పెట్టే ఫైట్లు.

సరే, ఇంత తీసుకుంటున్నారు కదా, కొట్టుకునేవాళ్లకైనా వెళ్తోందా అని లెక్క వేసుకుందాం. ఆ ఫైట్‌ని 12 లక్షల మంది కొన్నారు. గుణిస్తే పది కోట్ల డాలర్లకు పైనే. కానీ అందులో కేబుల్, శాటిలైట్, స్ట్రీమింగ్ కంపెనీలు ముందే తమ వాటా పట్టుకుంటాయి, పాత పద్ధతిలో అది సగం దాకా వెళ్లేది. మిగిలినదాంట్లో ప్రమోటర్లు, ప్రసారం ఖర్చు, ప్రచారం, అండర్‌కార్డ్ వాళ్ల పర్సులు (ఫైట్ ఆడినందుకు ఇచ్చే డబ్బు). ఇవన్నీ పోయాక మిగిలినదే ఇద్దరు స్టార్లు ముందే రాసుకున్న ఒప్పందం ప్రకారం పంచుకునేది. అందుకే "ఫలానా ఫైట్‌కి ఇన్ని కోట్లు వచ్చాయి" అన్న హెడ్‌లైన్ చూసి బాక్సర్ జేబులో అంతా పడిందనుకోకండి.

ఈ సరుకుకి రారాజు 2015 మే 2 నాటి మేవెదర్, పాకియావో ఫైట్. హెచ్‌డీలో చూడాలంటే వంద డాలర్లు. 46 లక్షల మంది కొన్నారు, అమెరికాలో పీపీవీ మీదే 40 కోట్ల డాలర్లు దాటింది, టికెట్ల మీద ఇంకో 7 కోట్ల పైచిలుకు. పంపకం 60-40. ఫైట్ ఎలా ఉంది? పన్నెండు రౌండ్లూ మేవెదర్ అందకుండా తిరిగాడు, పాయింట్ల మీద గెలిచాడు. అయిపోయాక తెలిసింది పాకియావోకి ముందే భుజం గాయం ఉందని. మా డబ్బులు మాకివ్వండి అని జనం కోర్టుకెక్కారు. 2019లో అప్పీల్ కోర్టు తేల్చి చెప్పింది, మీరు పూర్తి ఫైట్‌కి కట్టారు, పూర్తి ఫైట్ చూశారు అని. కాబట్టి కొనేవాళ్లు గుర్తుంచుకోండి, బోర్ కొట్టిందని రిఫండ్ రాదు.

అసలు సంగతి అండర్‌కార్డ్‌లో ఉంది. 2017 ఆగస్టు 26న మేవెదర్, మెక్‌గ్రెగర్ ఫైట్‌కి లాస్ వేగాస్ ఉన్న నెవాడా రాష్ట్రంలో బాక్సింగ్‌ని పర్యవేక్షించే కమిషన్‌కి చూపించిన గ్యారంటీ పర్సులు బయటికొచ్చాయి. మేవెదర్‌కి 10 కోట్ల డాలర్లు, మెక్‌గ్రెగర్‌కి 3 కోట్లు. పీపీవీ వాటా దీనికి అదనం. అదే రాత్రి అదే రింగ్‌లో, పైన చెప్పిన జర్వోంటా డేవిస్‌కి 6 లక్షలు, అతనితో ఎనిమిదో రౌండ్ దాకా కొట్టించుకున్న ఫ్రాన్సిస్కో ఫొన్సేకాకి 35 వేలు. హీరో పారితోషికం పక్కన జూనియర్ ఆర్టిస్ట్ కూలి పెట్టి చూసినట్టుంది, తేడా ఏంటంటే ఇక్కడ జూనియర్ ఆర్టిస్ట్‌కి నిజంగానే దెబ్బలు తగులుతాయి.

ఆ 35 వేలైనా మొత్తం చేతికొస్తాయా? ఫొన్సేకా సొంత ఒప్పందం సంగతి వదిలేయండి, మామూలుగా ఈ వ్యాపారంలో ఉన్న కోతలు వేసి చూద్దాం. మేనేజర్ మూడో వంతు దాకా తీసుకోవచ్చు, అంటే సుమారు 11,700. ట్రైనర్‌కి పది శాతం, 3,500. మిగిలింది 20 వేల లోపు. ఇందులోంచే రెండు నెలల ట్రైనింగ్ క్యాంప్, స్పారింగ్‌కి (ప్రాక్టీస్‌లో ఎదురు నిలబడి కొట్టుకోవడానికి) వచ్చేవాళ్ల డబ్బులు, తిండి, మెడికల్ టెస్టులు, ఆపైన ట్యాక్స్. ప్రమోటర్ కొంత భరిస్తే అదృష్టం. విదేశీ బాక్సర్ అయితే అమెరికాలో ముందే 30 శాతం పట్టుకునే పద్ధతి కూడా ఉంది. పెద్ద ఫైట్లు తరచుగా లాస్ వేగాస్‌లో, టెక్సాస్‌లో పెట్టడానికి ఒక కారణం అక్కడ రాష్ట్ర ఇన్‌కమ్ ట్యాక్స్ లేకపోవడం. మేం టెక్సాస్‌లో ఉన్నాం కాబట్టి ఆ సుఖం మాకూ తెలుసు!

చాంపియన్ బెల్ట్ కోసం ఆడితే ఇంకో కోత, ఆ బెల్ట్ ఇచ్చే సంస్థకి ఫీజు, మామూలుగా 3 శాతం. టెరెన్స్ క్రాఫర్డ్ 2025 సెప్టెంబర్‌లో కనేలో అల్వారెజ్‌ని ఓడించాడు కదా, ఫీజు కట్టలేదని అలాంటి ఒక సంస్థ డబ్ల్యూబీసీ డిసెంబర్‌లో ఆ బెల్ట్ వెనక్కి తీసేసుకుంది. 0.6 శాతానికి తగ్గించినా కట్టలేదన్నది వాళ్ల వాదన. ఆ 0.6 శాతమే 3 లక్షల డాలర్లు. గెలిచినవాడే తన ట్రోఫీకి అద్దె కట్టాలన్నమాట.

ఇక కింది మెట్టు. నాలుగు రౌండ్ల ఫైట్లు ఆడే కొత్త కుర్రాళ్లది దాదాపు రౌండ్ లెక్క కూలి. 2025లో అమెరికా కాంగ్రెస్‌లో పెట్టిన కొత్త బాక్సింగ్ బిల్లులో కనీస పర్సు రౌండుకు 150 డాలర్లు అని ప్రతిపాదించారు. అంటే నాలుగు రౌండ్లకి 600. దాన్ని బిల్లులో రాయాల్సి వచ్చిందంటే కింద పరిస్థితి ఏంటో ఊహించుకోండి. బ్రిటన్‌లో చిన్న హాళ్లలో ఆడే కుర్రాడు తన టికెట్లు తనే అమ్ముకోవాలి, ఆ డబ్బులోంచే ఎదురు నిలబడేవాడి కూలి కూడా వెళ్తుంది, అమ్ముడుపోకపోతే చేతి చమురు వదిలినట్టే. ఆ ఎదురు నిలబడేవాళ్లని జర్నీమెన్ అంటారు. పీటర్ బక్లీ అని ఒకాయన 300 ఫైట్లు ఆడి 256 ఓడిపోయాడు. వినడానికి నవ్వొస్తుంది కానీ, దెబ్బ తగలకుండా ఓడిపోయి వచ్చే వారం మళ్లీ పనికెళ్లడం కూడా ఒక నేర్పే, నెల తిరిగే సంపాదన దానివల్లే.

పీపీవీకి పోటీగా ఇప్పుడు నెట్‌ఫ్లిక్స్ మామూలు సబ్‌స్క్రిప్షన్‌లోనే పెద్ద ఫైట్లు ఇస్తోంది. కనేలో, క్రాఫర్డ్ ఫైట్ అలాగే చూశాం, ఎక్స్‌ట్రా పైసా లేదు, బాక్సింగ్ కూడా అసలైన బాక్సింగ్. కానీ 2024 నవంబర్‌లో మా పక్కనే ఆర్లింగ్టన్‌లో జరిగిన మైక్ టైసన్, యూట్యూబర్ జేక్ పాల్ ఫైట్ మాత్రం తమాషా. 58 ఏళ్ల పెద్దాయనకి మూడుకి బదులు రెండు నిమిషాల రౌండ్లు, 2 కోట్ల డాలర్లని వార్తలు, పాల్‌కి 4 కోట్లట. టైసన్ ఒకప్పుడు 30 కోట్ల డాలర్లకు పైగా సంపాదించి 2003లో దివాలా పిటిషన్ వేసిన మనిషి, అందుకని ఆయన్ని తప్పుపట్టను. ఆ రాత్రి కేటీ టేలర్, అమాండా సెరానో ఫైట్ అసలు మెయిన్ ఈవెంట్ కంటే పదింతలు బాగుంది. మన హర్యానా కుర్రాడు నీరజ్ గోయత్ కూడా అదే కార్డ్‌లో గెలిచాడు.

మనవైపు ఎవరైనా పిల్లల్ని బాక్సింగ్‌లో పెడదామనుకుంటే ఈ కోట్లు చూసి పెట్టకండి. నిజామాబాద్ నిఖత్ జరీన్‌నే చూడండి. 2022లో వరల్డ్ చాంపియన్ అయ్యాక తెలంగాణ ప్రభుత్వం 2 కోట్ల రూపాయలు ఇచ్చింది, 2024లో డీఎస్పీ ఉద్యోగం. 2023 ఢిల్లీ వరల్డ్ చాంపియన్‌షిప్‌లో స్వర్ణానికి లక్ష డాలర్ల ప్రైజ్ ఉంది, అదీ గెలిచింది. ఇది అమెచ్యూర్ దారి, అంటే పర్సుల కోసం కాక దేశం తరఫున ఆడేది, ఇందులో ఇలా ప్రభుత్వ ఉద్యోగం వస్తే నెల జీతం, పెన్షన్ ఉంటాయి. ప్రొఫెషనల్ పర్సుల్లో ఆ రెండూ ఉండవు. కాలిఫోర్నియాలో మాత్రం టికెట్‌కి 88 సెంట్లు తీసి బాక్సర్ల పెన్షన్ ఫండ్‌లో వేస్తారు, ఇది మంచి పని, మిగతాచోట్ల ఎందుకు చేయరో అర్థం కాదు.

ఈమధ్య మా ఊళ్లో చిన్న షోకి వెళ్లాను. టికెట్ ఆ రాత్రి ఆడే కుర్రాడి దగ్గరే జిమ్‌లో కొన్నాను, అందులో అతనికీ కొంత మిగులుతుందట. కుర్చీలు గట్టివి, పార్కింగ్ నరకం, ఏసీ ఉన్నట్టా లేనట్టా తెలియదు. కానీ ఒక్క ఫైట్ కూడా నిద్రపుచ్చలేదు, పీపీవీ ధరకి ఇద్దరం వెళ్లొచ్చాం. దీనికి ఐదుకి నాలుగు.

పీపీవీ పూర్తిగా మానేశానని అనను. ఇకమీదట అండర్‌కార్డ్‌లో కనీసం రెండు మంచి ఫైట్లు ఉంటేనే, అదీ వాటాకి నలుగురు దొరికితేనే కొంటా. ధర 60 డాలర్లు దాటితే మర్నాడు హైలైట్స్ చాలు.