థాంగ్ ప్యాంటీలు ఆన్‌లైన్‌లో కొనేముందు జాగ్రత్త: "95% కాటన్" అన్న మాట నమ్మి నేను పడ్డ బాధ

అక్కలూ, చెల్లెళ్లూ, ఈ పోస్టు రాయాలా వద్దా అని నెల రోజులు తటపటాయించాను. లోదుస్తుల గురించి నలుగురిలో మాట్లాడే అలవాటు మన ఇళ్లలో లేదు కదా. కానీ నేను కొనేముందు ఎవరైనా తెలుగులో ఇలా రాసి ఉంటే నాకు మూడు వారాల బాధ తప్పేది. అందుకే ఏదీ దాచకుండా చెబుతున్నాను.

మే నెలలో రాజమండ్రిలో మా పిన్ని కూతురి పెళ్లి. రిసెప్షన్‌కి పల్చటి జార్జెట్ చీర కట్టుకుందామని, లోపల లంగాకి బదులు ఒంటికి పట్టినట్టుండే శారీ షేప్‌వేర్ కొన్నాను. ఇంట్లో ఒకసారి కట్టి చూసుకుంటే వెనక ప్యాంటీ అంచులు రెండు గీతల్లా తెలిసిపోతున్నాయి. ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయికి చెబితే, "థాంగ్ వేసుకో, గీత పడదు" అంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. థాంగ్ ముందువైపు మామూలు ప్యాంటీలాగే ఉంటుంది. వెనక మాత్రం పిరుదుల మీద గుడ్డ ఉండదు, మధ్యలో ఒక పట్టీ ఉంటుంది, అంతే. పిరుదుల మీద అంచు పడదు కాబట్టి లెగ్గింగ్స్, బిగుతు ప్యాంట్లు, పల్చటి చీరల మీద గీత కనపడదు. చాలామంది దాన్ని కొనేది అందుకే. ఇందులో తప్పుగా అనుకోవాల్సింది ఏమీ లేదు.

షాపుకి వెళ్లి అడగాలంటే మొహమాటం వేసింది. ఫోన్‌లో వెతికితే అయిదింటి ప్యాక్ 499 రూపాయలకి కనిపించింది. "95% కాటన్, 5% స్పాండెక్స్, ఫ్రీ సైజు" అని రాసి ఉంది. స్పాండెక్స్ అంటే సాగే సింథటిక్ దారం. నాలుగు స్టార్లు కూడా ఉన్నాయి. రివ్యూలు చదవకుండానే ఆర్డర్ పెట్టేశాను. తర్వాత తీరిగ్గా చూస్తే ఆ స్టార్లలో చాలా భాగం డెలివరీ త్వరగా వచ్చిందని ఇచ్చినవే. వేసుకున్నాక ఎలా ఉందో రాసినవాళ్లు ఇద్దరే ఉన్నారు. ఆ ఇద్దరూ "గుచ్చుకుంటోంది" అనే రాశారు.

పార్సిల్‌లో ఏ అక్షరమూ లేని ప్లాస్టిక్ కవరు వచ్చింది. తయారుచేసినవాళ్ల పేరు లేదు, ఎమ్మార్పీ లేదు, గుడ్డ ఏమిటో లేదు. ఫోటోలో సాదా అంచులు ఉంటే, వచ్చినవాటికి గరుకు లేసు ఎలాస్టిక్ కుట్టి ఉంది. వెనక నడుము పట్టీ, కింద నుంచి వచ్చే పట్టీ కలిసే చోట కుట్టు మీద కుట్టు వేసి శనగగింజంత ముడి చేశారు. వేలితో నొక్కితే గట్టిగా తగులుతోంది. ఆ ముడి సరిగ్గా ముడ్డిపూస మీదకి వస్తుంది. అది చూసిన రోజే తిప్పి పంపాల్సింది. పెళ్లి హడావుడిలో పట్టించుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి వేసుకున్నాను. ఎండాకాలం, ఉక్కపోత, ఫంక్షన్ హాలు నిండా జనం. అక్కడి నుంచి రాత్రి బస్సెక్కి హైదరాబాద్ వచ్చేశాను. చీర మార్చుకున్నాను కానీ లోపలిది మార్చుకోలేదు. అంటే పద్నాలుగు గంటలు, అందులో సగం సీట్లో కూర్చునే ఉన్నాను. ఉదయం కేపీహెచ్‌బీలో దిగి ఇంటికి నడుస్తుంటే అడుగడుగునా మంట. స్నానానికి వెళ్లి చూసుకుంటే గజ్జల్లో రెండువైపులా లేసు అచ్చు ఎర్రగా దిగబడి ఉంది. ముడ్డిపూస దగ్గర తోలు లేచిపోయింది. నీళ్లు తగిలితే ప్రాణం పోయినట్టయింది.

మూడో రోజుకి దురద మొదలైంది. అప్పుడు నేను రెండో తప్పు చేశాను. మెడికల్ షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాస్తే రెండు రోజులు హాయిగా ఉండి, మూడో రోజు రెట్టింపయింది. అప్పటికి గానీ గైనకాలజిస్టు దగ్గరకి వెళ్లలేదు. ఆవిడ ట్యూబు చూసి, ఇందులో స్టెరాయిడ్ కలిసి ఉందమ్మా అన్నారు. స్టెరాయిడ్ ఎరుపునీ దురదనీ అణిచేస్తుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. ఎక్కువ రోజులు రాస్తే చర్మం పల్చబడుతుంది కూడా. ఇలాంటి క్రీములు మన దగ్గర చీటీ లేకుండానే చేతికి ఇచ్చేస్తున్నారు. దయచేసి డాక్టర్ని అడక్కుండా ఆ చోట ఏదీ రాయకండి.

డాక్టరు థాంగ్ వేసుకోవద్దని అనలేదు. ఒరిపిడికి చర్మం దెబ్బతింది, గాలి ఆడని గుడ్డలో చెమట నిలిచిపోయింది, ఫంగస్ పెరగడానికి ఆ తడీ వేడీ చాలు అని వివరించారు. షుగర్ ఉన్నవాళ్లకీ, గర్భిణులకీ, యాంటీబయాటిక్స్ వాడుతున్నవాళ్లకీ ఈ ఫంగస్ త్వరగా వస్తుందట. మూత్రంలో మంట, జ్వరం, పొత్తికడుపులో నొప్పి ఉంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకుండా చూపించుకోమన్నారు. నాకు పూర్తిగా తగ్గేసరికి మూడు వారాలు పట్టింది.

ఇంటికొచ్చాక అసలు ఆ గుడ్డ ఏమిటో తేల్చుకోవాలనిపించింది. వేసుకోని దాన్నుంచి చిన్న ముక్క కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు దగ్గర అగ్గిపుల్ల వెలిగించి అంటించాను. పక్కనే పాత కాటన్ పంచె ముక్క కూడా పెట్టుకున్నాను. పంచె ముక్క కాగితం కాలిన వాసనతో కాలి, ముట్టుకుంటే రాలిపోయే మెత్తటి బూడిద అయింది. థాంగ్ ముక్క మంట తగలగానే ముడుచుకుపోయి, కరిగి, నల్లటి గట్టి పూసలా మిగిలింది. పాలిస్టర్, నైలాన్ అలాగే కరుగుతాయి. 5 శాతం స్పాండెక్స్ కలిసినా, నిజంగా 95 శాతం కాటన్ అయితే బూడిదే ఎక్కువ రావాలి. వాళ్లు కాటన్ అని చెప్పి సింథటిక్ అంటగట్టారు. రెండు కాళ్ల మధ్య వచ్చే ముక్క లోపలివైపు కూడా ఆ గుడ్డే ఉంది. నాకు అన్నిటికన్నా కోపం వచ్చింది దానికే. పైన నైలాన్ వాడినా ఆ ఒక్క చోట లోపల కాటన్ పొర వేయడం మంచి కంపెనీలు మానవు.

ఇక డబ్బుల సంగతి. అమ్మినవాళ్లని అడిగితే "ఇన్నర్ వేర్ రిటర్న్ తీసుకోం, శుభ్రత కారణం" అని ఒకే ముక్క. ఆ మాట విని చాలామంది అక్కడితో వదిలేస్తారు. వేసుకున్నవి వెనక్కి తీసుకోమంటే ఎవరూ తీసుకోరు, అది న్యాయమే. కానీ 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువునీ, లోపం ఉన్న వస్తువునీ "వెనక్కి తీసుకోం" అని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందినట్టు ఆ వెబ్‌సైటులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. నేను మూడు ఫోటోలు పంపాను: వాళ్ల పేజీలో "95% కాటన్" అని ఉన్న స్క్రీన్‌షాట్, అక్షరం లేని కవరు, కాలిన పూస. జవాబు రాలేదు. అప్పుడు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. లోదుస్తుల గురించి ఫోన్‌లో ఎలా చెప్పాలా అని టెన్షన్ పడ్డాను కానీ, వాళ్లు ఏ వస్తువు గురించి చెబితే ఎలా రాసుకుంటారో అలాగే మామూలుగా రాసుకున్నారు. పన్నెండో రోజు నా 499 ఖాతాలో పడ్డాయి. డాక్టర్ ఫీజు, మందుల ఖర్చు నా నెత్తినే పడ్డాయి.

ఇప్పుడు నేను ఎలా కొంటున్నానో చెబుతాను. ఫ్రీ సైజు అని ఉంటే దాని జోలికే పోను. నడుముకి ఎలాస్టిక్ సాగుతుంది కానీ కింద పట్టీ పొడవు సాగదు. తుంటి పెద్దగా ఉన్నవాళ్లకి అది పైకి లాగి లోపల కోసుకుపోతుంది. టేపుతో పిరుదులు బాగా ఎత్తుగా ఉన్న చోట చుట్టుకొలత తీసుకుని సైజు చార్టుతో పోల్చుకోండి. రెండు సైజుల మధ్యలో పడితే పెద్దదే తీసుకోండి. థాంగ్ బిగుతుగా ఉంటేనే బాగుంటుందని అనుకుంటాం, అసలు గుచ్చుకునేది చిన్న సైజుదే. మొదటిసారి కొనేవాళ్లు దారంలాంటి పట్టీ ఉన్నవి వద్దు, వెనక రెండు మూడు వేళ్ల వెడల్పు ఉన్నది చూసుకోండి. కుట్లు లేకుండా అంచులు అతికించినవి దొరుకుతాయి, అవి ఒరుసుకోవు. ఒక్కటే కొని చూడండి, నాలా ఒకేసారి అయిదు కాదు. వీలైతే షాపుకే వెళ్లండి. కూకట్‌పల్లిలో నేను తర్వాత వెళ్లిన షాపులో కౌంటర్ దగ్గర పెద్దావిడ ఉన్నారు. నేను అడగగానే నాలుగు రకాలు తీసి బల్ల మీద పరిచి, "ఇది పట్టుకుని చూడు తల్లీ, ఇది మెత్తగా ఉంటుంది" అని చేతిలో పెట్టారు. ఇన్నాళ్లూ ఎందుకు భయపడ్డానా అనిపించింది.

వేసుకోవడంలోనూ జాగ్రత్తలున్నాయి. ఉతక్కుండా కొత్తది వేసుకోకండి. ఫంక్షన్ రోజునే మొదటిసారి వద్దు, ముందు ఇంట్లో రెండు మూడు గంటలు వేసుకుని, కూర్చుని, మెట్లెక్కి దిగి చూడండి. పని అయిపోగానే మార్చేసుకోండి, పర్సులో ఒక కాటన్ ప్యాంటీ పెట్టుకుంటే సరిపోతుంది. రాత్రి ప్రయాణాలకీ, స్కూటీ మీద దూరం వెళ్లేటప్పుడూ, జిమ్‌కీ నేను అస్సలు వేసుకోను. నెలసరి రోజుల్లో ప్యాడ్ రెక్కలు దానికి సరిగ్గా అంటుకోవు, ఆ రోజుల్లో మామూలువే నయం.

ఆరేసే సంగతి కూడా చెప్పాలి, ఇది థాంగ్ ఒక్కదానికే కాదు. మనం ఇన్నర్స్ ఎవరికంటా పడకూడదని బాత్రూమ్‌లోనో, తువ్వాలు కిందనో, చున్నీ కప్పో ఆరేస్తాం. మా అమ్మ అలాగే నేర్పింది, నేనూ అలాగే చేశాను. వానాకాలంలో అవి పొద్దున్నకి చెమ్మగానే ఉంటాయి, ఆఫీసుకి టైమైపోతోందని అలాగే వేసుకుంటాం. డాక్టరు నన్ను మొదట అడిగిన ప్రశ్న అదే, ఎక్కడ ఆరేస్తారు అని. ఇప్పుడు బాల్కనీలో ఎండ తగిలే తీగ మీద ఆరేస్తున్నాను. పక్కింటావిడ ఒకసారి అదోలా చూసింది. వారం తిరక్కుండా వాళ్ల తీగ మీదా కనిపించాయి.

ఇప్పటికే ఆర్డర్ పెట్టి ఉంటే ఒక పని చేయండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. తయారీదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, గుడ్డ వివరం ఉన్నాయా చూడండి. ఆ కుట్టు కలిసే చోట వేలితో నొక్కి చూడండి, గట్టిగా తగిలితే వేసుకోకండి. ట్యాగ్ తెంపకుండా అదే రోజు ఫిర్యాదు పెట్టండి. నేను కొన్న ఆ పేజీ నిన్న కూడా తెరిచి చూశాను. అదే ఫోటో, అదే "95% కాటన్". ధర మాత్రం 449 చేశారు.