టర్బో పికప్‌కు ప్రీమియం డీజిల్, ట్యూనింగ్: ఏడేళ్లు వాడాక నా అనుభవం

మాది కడియం పక్కన చిన్న ఊరు. నర్సరీ మొక్కల లోడ్లు తోలడం నా పని. 2018 ఆగస్టులో కొన్న పికప్ ఇప్పటికి రెండు లక్షల పది వేల కిలోమీటర్లు తిరిగింది. రెండున్నర లీటర్ల డీజిల్ ఇంజిన్, అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందే కామన్ రైల్ రకం. గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి తోసే టర్బో, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఉన్నాయి. పాత కాలుష్య ప్రమాణమైన బీఎస్-4 బండి. ఈ ఏడేళ్లలో దీనికి ఖరీదైన డీజిల్ నెలల తరబడి పోయించాను. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు (ఈసీయూ)లో అంకెలు మార్చే రీమ్యాప్ చేయించాను, పద్నాలుగు నెలలు వాడి తీయించేశాను. ఈ రెండింటి గురించీ మా వైపు డ్రైవర్లు తరచూ అడుగుతుంటారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ముందు లోడు సంగతి చెప్పాలి. మొక్కల లోడు సిమెంటు బస్తాల్లాగా లెక్కకు దొరకదు. ప్రతి మొక్కకీ వేళ్ల చుట్టూ మట్టి గడ్డ ఉంటుంది. దూరం వెళ్లే లోడయితే ఎక్కించే ముందు బాగా తడుపుతారు. అవే మొక్కలు, అదే బండి, కానీ నీళ్లు పట్టాక బరువు ఎంత పెరిగిందో మొదటి గేరులోనే తెలిసిపోతుంది. పైన కట్టే నెట్ గాలిని ఆపి బండిని వెనక్కి లాగుతుంది. కోనసీమ వైపు వెళ్తే ఇదంతా పెద్దగా ఇబ్బంది పెట్టదు. అక్కడ ఎక్కుడంటూ ఉంటే గోదావరి మీద వంతెనలే: జొన్నాడ, సిద్ధాంతం, చించినాడ. అవి దాటితే మిగిలింది బల్లపరుపు నేల, కాలువ గట్టు రోడ్లు. నా బండికి అసలు పరీక్ష ఏజెన్సీ వైపు. గోకవరం, రంపచోడవరం, మారేడుమిల్లి దాటి చింతూరు ఘాట్ ఎక్కి దిగి, కుంట, సుక్మా మీదుగా జగదల్‌పుర్ వెళ్లాలి. నెలకు రెండు ట్రిప్పులు ఉంటాయి.

2020 చివర్లో ఆ ఘాట్ మీద బండి లాగడం తగ్గింది. అంతకుముందు మూడో గేరులో ఎక్కే మలుపులు రెండో గేరు అడగడం మొదలుపెట్టాయి. రాజమండ్రిలో తోటి డ్రైవరు ఒకాయన "డీజిల్ మార్చి చూడన్నయ్యా, ప్రీమియం పోయించు" అన్నాడు. నాలుగు నెలలు అదే పోయించాను. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు ఇంజిన్ కటకట కొంచెం తగ్గింది, అది నిజం. ఘాట్ మీద మాత్రం రెండో గేరు రెండో గేరే.

ఎందుకలా అన్నది నాకు తర్వాత తెలిసింది. పెట్రోలుకు ఆక్టేన్ ఎలాగో డీజిల్‌కు సీటేన్ అలాగ. అయితే రెండూ చెప్పే విషయం ఒకటి కాదు. ఆక్టేన్ పెరిగితే పెట్రోలు తనంతట తాను ముందే అంటుకోకుండా ఆగుతుంది. సీటేన్ పెరిగితే డీజిల్, దాన్ని చిమ్మే ఇంజెక్టర్ నుంచి పడీ పడగానే ఆలస్యం లేకుండా అంటుకుంటుంది. కొన్ని టర్బో పెట్రోలు ఇంజిన్లలో ఆక్టేన్ ఎక్కువున్న పెట్రోలు పోస్తే కంప్యూటరు దాన్ని పసిగట్టి స్పార్కును ముందుకు జరిపి బలం పెంచుకుంటుంది. 95, 100 అని అంకెలు వేసి అమ్మే పెట్రోలు వాటి కోసమే. మన డీజిల్ పికప్‌కు ఆ లెక్క వర్తించదు. ఇక్కడ ఎంత బలం రావాలన్నది ఎంత డీజిల్ పడుతోంది, దానికి సరిపడా గాలి అందుతోందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. పైగా 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా బీఎస్-6 డీజిలే వస్తోంది. మామూలు డీజిల్‌లోనే సీటేన్ కనీసం 51 ఉండాలి, గంధకం పది పీపీఎంకు (పది లక్షల పాళ్లలో పది పాళ్లకు) మించకూడదు. అంటే మనం మామూలుదని తీసిపారేసే డీజిలే మంచి సరుకు. ప్రీమియంలో అదనంగా ఉండేది ముఖ్యంగా ఇంజెక్టర్లను శుభ్రం చేసే మందు, కాస్త ఎక్కువ సీటేన్.

డీజిల్‌తో పని జరగలేదని 2021 వేసవిలో ట్యూనింగ్‌కు వెళ్లాను. ఒక పెద్ద ఊళ్లో వర్క్‌షాపు. ల్యాప్‌టాప్ తగిలించి గంటన్నరలో ఈసీయూలో మ్యాప్ మార్చేశారు, పద్దెనిమిది వేలు తీసుకున్నారు. రీమ్యాప్ అంటే టర్బో గాలిని తోసే ఒత్తిడి (బూస్ట్ ప్రెషర్) ఎంత ఉండాలి, ఇంజిన్ తిరిగే ఏ వేగం (ఆర్‌పీఎం) దగ్గర ఎంత డీజిల్ పడాలి, పొగ రాకుండా ఎక్కడ ఆగాలి అని కంపెనీ రాసిపెట్టిన అంకెలను మార్చడం. బయటికొచ్చి హైవే ఎక్కగానే తేడా కనిపించింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. వారం తర్వాత కొబ్బరి మొక్కల లోడుతో ఘాట్ ఎక్కితే మళ్లీ మూడో గేరు పట్టింది. ఆ ఊపులో తెలిసిన ఇద్దరికి చేయించుకోమని కూడా చెప్పాను.

మూడు నెలలకు పొగ మొదలైంది. ఎక్స్‌లేటర్ గట్టిగా తొక్కితే వెనక నల్లగా లేచేది, వెనకొచ్చే బైకు వాళ్లు ముక్కు మూసుకునేవాళ్లు. మైలేజీ లీటరుకు పన్నెండు దాటి వచ్చేది పదకొండున్నరకు పడింది. మే నెల ఎండలో ఘాట్ మీద టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ లేనంత పైకి వెళ్లేది. ఎనిమిదో నెలలో క్లచ్ జారడం మొదలుపెట్టింది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు, కాలిన వాసన. క్లచ్ సెట్టు మొత్తం మార్చాల్సి వచ్చింది. కంపెనీ ఇచ్చిన బలానికి లెక్కవేసి పెట్టిన క్లచ్ అది. మీద ఇంకా బరువు పడితే ముందు అరిగేది అదే.

ఇక ఇది కాదనుకుని కడియపులంకలో నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన్ని అందరం బాబాయ్ అనే పిలుస్తాం. బానెట్ ఎత్తి ల్యాప్‌టాప్ ఏదీ లేకుండా ఇంజిన్ రేజ్ చేయమన్నాడు. చెవి పెట్టి విన్నాడు. సబ్బు నురగ తెచ్చి టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం మీద పూశాడు. క్లిప్పు కింద, కంటికి కనపడని చోట నురగ బుడగలు లేచాయి.

"ఇదెప్పటి నుంచి లాగట్లేదురా అబ్బాయ్?"

"ఏడాదిన్నర పైనే అయ్యుంటది బాబాయ్."

"అయితే గాలి అప్పటి నుంచీ బయటికే పోతోంది. నువ్వు డీజిల్ పెంచుకుంటూ పోయావు."

నా బండి కథంతా ఆ రెండు ముక్కల్లో ఉంది. గొట్టం చీలి టర్బో తొక్కిన గాలిలో కొంత బయటికి పోతోంది కాబట్టి బలం తగ్గింది. దాని మీద రీమ్యాప్ చేసి ఇంకా డీజిల్ పోస్తే ఉన్న గాలికి అది పూర్తిగా కాలదు. అందుకే పొగ, అందుకే వేడి, అందుకే మైలేజీ పడిపోవడం. వర్క్‌షాపు వాళ్లు మ్యాప్ మార్చే ముందు రోడ్డు మీద ఒక్కసారి బూస్ట్ ఎంత వస్తోందో చూసి ఉంటే అప్పుడే తెలిసేది. అది చూడకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. గొట్టానికి, క్లిప్పులకు కలిపి పదకొండు వందలయింది. పాత మ్యాప్ మళ్లీ వేయించాను. కంపెనీ మ్యాప్‌తో, కొత్త గొట్టంతో తడి లోడు వేసుకుని ఘాట్ ఎక్కితే మూడో గేరులోనే ఎక్కింది. 2018లో ఎలా ఎక్కిందో అలాగే. నేను ట్యూనింగ్ చేయించుకోమన్న ఇద్దరికీ ఫోన్ చేసి ముందు గొట్టాలు చూపించుకోమన్నాను. అందులో ఒకాయన బండికీ అదే చీలిక దొరికింది.

బండి సరిగ్గా ఉన్నప్పుడు ప్రీమియం డీజిల్ ఏం చేస్తుందో చూద్దామని 2023లో మళ్లీ పద్ధతిగా లెక్క రాశాను. ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ మొదటిసారి ఆగగానే ఆపడం, ట్రిప్ మీటర్ సున్నా చేయడం. మూడు నెలలు మామూలు డీజిల్, తర్వాత మూడు నెలలు ప్రీమియం. మామూలు దానికి లీటరుకు 12.4 కిలోమీటర్లు, ప్రీమియంకు 12.7 వచ్చింది. ధర మాత్రం ప్రీమియంకే ఎక్కువ. లెక్క కడితే కిలోమీటరుకు పది పైసలు అదనంగా పెట్టినట్టు. నెలకు రెండున్నర వేల కిలోమీటర్లు తిరిగే నాకు రెండు వందల అరవై రూపాయలు చేతి నుంచి పడ్డట్టు. పెద్ద నష్టం కాదు, లాభం మాత్రం లేదు. ఇంజిన్ మెత్తగా నడవడం బాగుంటుంది, సొంత కారు అయితే నేనూ పోయించుకుంటానేమో. కిరాయి బండికి మాత్రం వద్దంటాను. పైగా మా డెల్టాలో యానాం ఉంది. అక్కడ పుదుచ్చేరి పన్నులు కాబట్టి డీజిల్ మన బంకుల కంటే బాగా తక్కువకు దొరుకుతుంది. అమలాపురం, ముమ్మిడివరం వైపు ట్రిప్పు పడినప్పుడు నేను అక్కడే ట్యాంకు నింపుకుంటాను. డీజిల్ మీద నిజంగా మిగిలింది అదొక్కటే.

డీజిల్ విషయంలో మా వైపు వాళ్లు పట్టించుకోవాల్సింది నీళ్లు. 2022 జులైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది కదా, లంకలు మునిగాయి. ఆ తర్వాతి వారం కోనసీమలో ఒక బంకులో ముప్పై లీటర్లు పోయించుకున్నాను. పదిహేను కిలోమీటర్లు వెళ్లాక బండి ఎగిరెగిరి పడుతూ ఆగిపోయింది. ఫిల్టరు కింద కప్పు విప్పితే డీజిల్ అడుగున నీళ్లు తేటగా నిలబడి ఉన్నాయి. భూమిలో ఉండే ట్యాంకులోకి నీళ్లు దిగితే అవి అడుగునే ఉంటాయి, ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ పంపు వాటిని లాగుతుంది. కామన్ రైల్‌లో డీజిల్ మామూలు గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు మించిన ఒత్తిడితో సన్నటి రంధ్రాల్లోంచి వెళ్తుంది. ఆ లోపలి భాగాలకు జిడ్డు పట్టించి అరగకుండా చూసేది డీజిలే. నీళ్లు వెళ్తే లోహం లోహాన్ని గీకుతుంది, తుప్పు పడుతుంది. నాలుగు ఇంజెక్టర్లూ సర్వీసు చేయించడానికి ఇరవై ఆరు వేలయింది. ఎంత ప్రీమియం పోసినా ఆ దెబ్బ నుంచి కాపాడదు.

అప్పటి నుంచి నేను రద్దీ ఉన్న బంకులోనే పోయిస్తాను. ట్యాంకరు వచ్చి సరుకు దింపుతుంటే ఆ పూట ఆగను. అనుమానం వస్తే డీజిల్ డెన్సిటీ (సాంద్రత) కొలిచి చూపించమని అడుగుతాను, అడిగే హక్కు మనకుంది. వానాకాలంలో రాత్రికి ట్యాంకు సగం కంటే తగ్గనివ్వను. ఖాళీ ట్యాంకులో గాలి చల్లబడితే తేమ గోడలకు చెమ్మలా పట్టి కిందికి జారుతుంది. మన తీరప్రాంతపు గాలిలో ఆ తేమకు కొదవ లేదు.

గాలి ఫిల్టరు గురించి ఒక్క మాట. సార్వా, దాళ్వా వరి కోతలప్పుడు మిషన్లు నడుస్తుంటే గడ్డి నూగు రోడ్డంతా ఎగురుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే టర్బో చక్రానికి అది ఎంతమాత్రం మంచిది కాదు. ఆ నెలల్లో పదిహేను రోజులకోసారి ఫిల్టరు తీసి చూడండి, ముందున్న ఇంటర్‌కూలర్ రెక్కల సందుల్లో ఇరుక్కున్న నూగు కూడా కడిగించండి. దూరం తోలి వచ్చాక నిమిషం పాటు ఇంజిన్ స్లోలో ఉంచి ఆపండి, టర్బోకు ఆయిల్ అందుతూ చల్లబడుతుంది.

రోజూ ఘాట్ మీదే బతికే వాళ్లకు ట్యూనింగ్ అసలు పనికిరాదని నేను అనను. కానీ ముందు గొట్టాలు, ఫిల్టర్లు, ఇంజెక్టర్లు బాగున్నాయని తేల్చుకుని, రోడ్డు మీద బూస్ట్ అంకెలు తీసి చూపించే మనిషి దగ్గరికే వెళ్లండి. వారంటీలో ఉన్న బండి అయితే అసలు వద్దు. బీఎస్-6 బండ్లకు ఇంకో చిక్కుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు (డీపీఎఫ్) ఉంటే ఎక్కువ పోసిన డీజిల్ మసి అందులో పేరుకుంటుంది. నరసాపురం, మొగల్తూరు మధ్య చిన్న చిన్న ట్రిప్పులు తిరిగే బండికి దాన్ని కాల్చుకునేంత వేడి ఎలాగూ రాదు. అది తీసేస్తే సరిపోతుందని చెప్పే వాళ్ల మాట వినొద్దు. పొగ మన పిల్లలు పీల్చే గాలిలోకే పోతుంది.

మొన్న బుధవారం మామిడి అంట్ల లోడుతో జగదల్‌పుర్ వెళ్లొచ్చాను. యానాం డీజిల్, కంపెనీ మ్యాప్, మూడో గేరు. ఇంటికొచ్చి ఫిల్టరు కప్పు విప్పితే అడుగున రెండు చుక్కల నీళ్లు కనిపించాయి. తుడిచి బిగించి పడుకున్నాను.