నాలుగేళ్ల హోమ్‌స్కూల్ రికార్డులు: యాప్ మానేసి స్ప్రెడ్‌షీట్‌కి వచ్చాక

మా అమ్మాయి తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా ఇంట్లోనే చదివింది. మేముండేది టెక్సస్‌లో, డాలస్ పక్కన. ఇక్కడ హోమ్‌స్కూల్‌ని ప్రైవేటు స్కూలు కిందే లెక్కేస్తారు. రికార్డులు చూపించమని ప్రభుత్వం నుంచి ఎవరూ రారు. అడిగేవాళ్లు లేరని ఊరుకుంటే మాత్రం కాలేజీ అప్లికేషన్ల వేళ దొరికిపోతాం. చాలా కాలేజీలకి ఒకేచోట అప్లికేషన్ పెట్టే కామన్ యాప్‌లో, స్కూలు తరఫున మాట్లాడే కౌన్సెలర్ మనమే, ట్రాన్‌స్క్రిప్టు (కోర్సులు, మార్కుల పట్టిక) ఎక్కించేదీ మనమే.

మొదటి రెండేళ్లు చదివిన గంటలు రాసుకోడానికి నెలనెలా డబ్బు కట్టి ఒక యాప్ వాడాను. లెక్కలు, సైన్సుకి బాగానే ఉండేది. పదకొండులో అమెరికా చరిత్ర, గవర్నమెంట్ (రాజ్యాంగం, ప్రభుత్వం గురించిన సబ్జెక్టు), ఇంగ్లిష్ మూడూ కలిపి మొదలుపెట్టాం, అక్కడ తేడా కొట్టింది. బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో రాసుకున్న ఆత్మకథ చదువుతోంది పిల్ల. పుస్తకంగా అది ఇంగ్లిష్. పారిపోయిన బానిసల్ని పట్టి అప్పగించాలన్న 1850 చట్టం గురించి మాట్లాడుకుంటే చరిత్ర. ఆ అప్పగింత మాట రాజ్యాంగం నాలుగో అధికరణంలోనే ఉందనీ, 1865లో 13వ సవరణతో చెల్లకుండా పోయిందనీ చూస్తే గవర్నమెంట్. యాప్‌లో ఒక ఎంట్రీకి ఒకటే సబ్జెక్టు. నేను మూడుసార్లు ఎక్కించాను. ఆ వారం మొత్తం 51 గంటలని చూపించింది. "పిల్ల నిద్రపోయిందా అసలు?" అన్నారు మావారు.

ఆ రాత్రే స్ప్రెడ్‌షీట్ మొదలుపెట్టాను. తేదీ, ఏం చేసింది, మొత్తం నిమిషాలు, తర్వాత మూడు సబ్జెక్టులకీ మూడు గడులు. మూడూ కలిపితే మొత్తానికి సరిపోకపోతే ఆ వరస ఎర్రగా మారుతుంది. పెట్టుకున్న నియమం ఒక్కటే: పుస్తకం రెండు కోర్సుల వివరణల్లో కనిపించవచ్చు, నిమిషం మాత్రం ఒక్కచోటే పడాలి. 120 గంటలు చదివితే ఒక క్రెడిట్, అంటే పూర్తి కోర్సు కింద ఒక యూనిట్, అనే పాత లెక్క పట్టుకున్నాను. ఇంగ్లిష్ ఒకటి, చరిత్ర ఒకటి, గవర్నమెంట్ అర. మొత్తం 300 గంటలు.

గంటలు పంచడం తేలికే, మార్కుల దగ్గరే గొడవ. "ఒకే వ్యాసానికి రెండు కోర్సుల్లో మార్కులు వేస్తే ఏం పోయింది?" అని అమ్మాయి వాదించేది. ఒప్పుకోలేదు. డగ్లస్ వాక్యం ఎలా నడిపాడో రాస్తే ఇంగ్లిష్, చట్టం గురించి రాస్తే చరిత్ర. మే నెలకి గవర్నమెంట్‌లో 97 గంటలు, ఇంగ్లిష్‌లో 104. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన ఫెడరలిస్ట్ వ్యాసాలు 85 ఉంటే మేం చదివింది నాలుగే, అయినా వాటి మీద చర్చలే అన్ని గంటలు తినేశాయి. ఆ గంటలు కొన్ని ఇంగ్లిష్‌కి జరుపుదామని చెయ్యి లాగింది, నిజం చెప్పాలంటే. జరపలేదు. జూన్‌లో కవిత్వం 16 గంటలు చదివించి పూర్తి చేశాను.

లోపాలు లేకపోలేదు. ఫోన్‌లో ఆ చిన్న గడులు నింపడం చిరాకు. ఏ రోజుది ఆ రోజు రాయకపోతే వారం తర్వాత గుర్తుండదు. నవంబరులో పది రోజులు అలాగే ఖాళీగా పోయాయి. ట్రాన్‌స్క్రిప్టు దానంతట అది తయారవదు, విడిగా టైపు చేసుకోవాలి. కోర్సుల వివరణలు అడిగిన కాలేజీకి డగ్లస్ పేరు రెండు చోట్లా ఉన్నట్టే పంపాను. ఎవరూ ప్రశ్నించలేదు.

చిన్నవాడికి ఈ ఆగస్టులో తొమ్మిదో తరగతి మొదలైంది. అదే షీటు కాపీ చేసి, ఎకనామిక్స్‌కి ఇంకో గడి కలిపాను.