ఇంటి బేస్‌మెంటు ఎత్తు తేల్చుకోవడానికి నాసా సముద్రమట్టం సైటు వాడాం, ఎలా ఉందంటే

మాది సఖినేటిపల్లి మండలం. గోదారి సముద్రంలో కలిసే అంతర్వేది మొగ మా ఇంటి నుంచి బండి మీద పావుగంట. పాత పెంకుటిల్లు తీసేసి స్లాబు వేసుకుందామని చాలాకాలంగా అనుకుంటున్నాం. ఈ ఏడు డబ్బు కుదిరింది కానీ బేస్‌మెంటు ఎంత ఎత్తు లేపాలన్న దగ్గర ఆగిపోయాం. మేస్త్రి రోడ్డు మీద నుంచి మూడడుగులు చాలన్నాడు. మా మరిది ఆరడుగులకు తక్కువ వేస్తే ఆ డబ్బు గోదాట్లో పోసినట్టే అన్నాడు. అతని ఫోన్‌లో అంటార్కిటికా మంచు కొండ విరిగి సముద్రంలో పడే వీడియో ఒకటుంది, కింద "2100కి రెండు మీటర్లు" అని రాసి ఉంది, అన్నం తింటున్నవాళ్లకి కూడా అదే చూపిస్తాడు. మావయ్యగారికి అవేవీ పట్టవు. "అమ్మాయ్, ఇదిగో ఇక్కడి దాకా వచ్చింది ఎనభై ఆరులో" అని పాత ద్వారబంధానికి తాను కొట్టిన మేకు చూపిస్తారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చి గట్లు తెగినప్పటి గుర్తు అది, తుప్పు పట్టి చుట్టూ చెక్క నల్లబడింది. మనల్ని ముంచితే గోదారే ముంచుతుంది, సముద్రం కాదు అని ఆయన లెక్క. ఇద్దరూ వారం రోజులు సరిగా మాట్లాడుకోలేదు. ఇంట్లో ఆ టెన్షన్ చూడలేక నేను కూర్చుని ఈ సైటు పట్టుకున్నాను. మా వైపు ఇల్లు కట్టుకునేవాళ్లకి, పొలం కొనేవాళ్లకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు ఇది ఏమిటో చెప్తాను. వాతావరణ మార్పుల మీద ఐక్యరాజ్యసమితి పెట్టిన సంఘం ఐపీసీసీ 2021లో ఆరో నివేదిక ఇచ్చింది కదా, అందులో సముద్రమట్టం ఎంత పెరగొచ్చన్న అంచనాలన్నీ తీసుకుని నాసా వాళ్లు ఒక మ్యాప్ మీద పెట్టారు. ఉచితం. మ్యాప్‌లో తీరం పొడవునా చుక్కలుంటాయి, ఒక చుక్క మీద నొక్కితే 2020 నుంచి 2150 దాకా పదేసి ఏళ్లకి అక్కడ నీళ్లు ఎంత పెరగొచ్చో గీత వస్తుంది. ప్రపంచం బొగ్గు, పెట్రోలు పొగ తగ్గించుకుంటే ఒక గీత, ఇలాగే మండించుకుంటూ పోతే ఇంకో గీత, అలా ఎంచుకుని చూడొచ్చు. ఏ గీత చూసినా దాని చుట్టూ లేత రంగులో ఒక పట్టీ ఉంటుంది. నన్నడిగితే ఈ సైటులో అసలు విలువ ఆ పట్టీదే, దాని సంగతి కింద చెప్తాను. ఇంకో మంచి పని చేశారు, ఆ పెరుగుదలలో అంటార్కిటికా వాటా ఎంత, గ్రీన్‌లాండ్ వాటా ఎంత, నీళ్లు వేడెక్కి ఉబ్బడం వల్ల ఎంత, నేల కుంగడం వల్ల ఎంత అని విడదీసి చూపిస్తారు.

ఒక్కో ఊరికి లెక్క ఎందుకు వేరుగా ఉంటుందో నాకు ఇదివరకు తెలియదు. బకెట్లో నీళ్లు పోసినట్టు సముద్రం అంతటా సమానంగా పెరుగుతుందనుకునేదాన్ని. గ్రీన్‌లాండ్ మీద ఉన్న అంత మంచు తన బరువుతో చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంచుతుందట. మంచు కరిగితే ఆ లాగుడు తగ్గి అక్కడ మట్టం దిగుతుంది, ఆ నీళ్లు మనలాంటి దూరపు తీరాల్లో పైకి వస్తాయి. అక్కడి మంచుతో మనకేం పని అనేవాళ్లకి చెప్పాల్సిన మాట ఇది. ఈ లెక్క కూడా సైటు అంకెల్లో కలిపే ఉంది.

ఇక అంకెలు. ప్రపంచ సగటు తీసుకుంటే, 1995-2014 మధ్య ఉన్న మట్టం మీద 2050కి మధ్య గీతల్లో 18 నుంచి 23 సెంటీమీటర్లు. పొగ బాగా తగ్గించినా 18 దగ్గర, అస్సలు తగ్గించకపోయినా 23 దగ్గర. అంటే జానెడు. ఇక్కడ మా మరిది, మావయ్యగారు ఇద్దరూ ఆగి చూశారు, ఎందుకంటే 2050 దాకా గీతలన్నీ దాదాపు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టే ఉంటాయి. ఆ తర్వాతే విడిపోతాయి. 2100కి పట్టీ చూస్తే, బాగా తగ్గిస్తే 28 నుంచి 55 సెంటీమీటర్లు, తగ్గించకపోతే 63 నుంచి 101. ఒక జాగ్రత్త: గీతలో సున్నా అంటే ఈరోజు కాదు, ఇరవై ఏళ్ల కిందటి మట్టం. అందులో కొంత ఇప్పటికే పెరిగిపోయింది. 1993 నుంచి ఉపగ్రహాలు కొలుస్తున్నాయి, మొదట్లో ఏటా రెండు మిల్లీమీటర్ల చిల్లర ఉన్నది ఇప్పుడు నాలుగు దాటింది. చూడ్డానికి ఆవగింజంత, కానీ వేగం రెట్టింపయింది.

మరి ఆ రెండు మీటర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? అది కూడా సైటులోనే ఉంది. మామూలుగా ఎంచుకునే గీతల పక్కన "లో కాన్ఫిడెన్స్" అని రాసిన గీతలు విడిగా పెట్టారు, పొగ తగ్గించని దాన్ని నొక్కితే పట్టీ ఒక్కసారిగా విచ్చుకుని పై అంచు 2100కి మీటరున్నర దాటుతుంది, పట్టీ బయట ఉండే అరుదైన అవకాశాలు కూడా కలిపితే రెండు మీటర్ల దరిదాపుల్లోకి పోతుంది. ఆ పేరు చూసి చాలామంది పొరపడతారు. మావయ్యగారు కూడా "నమ్మకం లేదని వాళ్లే రాసుకున్నారు కదమ్మా" అన్నారు. నమ్మకం లేదంటే జరగదని కాదు మావయ్యగారూ, ఎంత జరుగుతుందో వాళ్లలో వాళ్లకి ఏకాభిప్రాయం లేదని, అని చెప్పాల్సొచ్చింది. అసలు గొడవంతా అక్కడే ఉంది, ముఖ్యంగా అంటార్కిటికా పడమటి వైపు. అక్కడ థ్వైట్స్ అని ఒక హిమనది ఉంది, వెడల్పు 120 కిలోమీటర్లు, మా ఊరి నుంచి తిన్నగా గీత గీస్తే రాజమండ్రి దాటి ఇంకా పోతుంది. అది ఒక్కటీ పూర్తిగా కరిగితే ప్రపంచంలో సముద్రాలన్నీ 65 సెంటీమీటర్లు పెరుగుతాయి. దాని అడుగు సముద్రమట్టం కంటే కిందకి ఉంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లం. వెచ్చటి నీళ్లు అడుగున దూరి తొలుస్తున్నాయి.

ఇది మా లంకల వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వశిష్ఠ గోదారి ఒడ్డున కోత ఎలా పడుతుందో చూస్తూనే ఉంటాం. పైన గట్టు బాగానే కనిపిస్తుంది, కొబ్బరి చెట్టుకి కాయలు కూడా ఉంటాయి, అడుగున నీళ్లు తొలిచేస్తుంటాయి, ఒక పూట చెట్టుతో సహా ముక్క కూర్చుండిపోతుంది. ఒడ్డు మళ్లీ నిట్టనిలువుగా మిగులుతుంది, దాని బరువుకి అదే ఇంకో ముక్క. 2016లో డికాంటో, పోలార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మంచు గోడలు కూడా ఇలాగే వరసగా కూలతాయని లెక్కగట్టి, పొగ తగ్గించకపోతే 2100కి అంటార్కిటికా ఒక్కటే మీటరు పైన పెంచుతుందన్నారు. దాని మీద పెద్ద వాదన నడిచింది. పాత కాలంలో సముద్రం పెరిగిన తీరు వివరించడానికి ఈ గోడలు కూలడం అన్నది అవసరమే లేదని 2019లో వేరేవాళ్లు చూపించారు. డికాంటో వాళ్లే 2021లో తమ అంకె బాగా తగ్గించుకున్నారు. 2024లో ఇంకో బృందం థ్వైట్స్ ఈ శతాబ్దంలో అలా గోడలు గోడలుగా కూలకపోవచ్చని చెప్పింది, కానీ అడుగున నీళ్లు తొలచడం వల్ల వెనక్కి పోవడం మాత్రం ఆగదని కూడా అదే బృందం చెప్పింది. మా మరిది వీడియో ఈ కథలో ఒక్క మెట్టు దగ్గర ఆగిపోయింది. అలాగని అతను చెప్పింది పూర్తిగా తప్పు కూడా కాదు. రెండు మీటర్లు రావని ఇప్పటికీ ఎవరూ రాసివ్వలేరు, ఐపీసీసీ కూడా ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేదు. మామూలు గీతల చుట్టూ ఉన్న పట్టీ కూడా మూడింట రెండొంతుల అవకాశానికే గీసింది, మిగతా వంతు దాని బయట ఉండొచ్చు. ఈ సంగతి దాచకుండా చూపించారు కాబట్టే నాకు ఈ సైటు మీద గురి కుదిరింది.

లోటు చెప్పాలంటే అన్నిటికన్నా పెద్దది నేల సంగతి. నేను మొదట విశాఖపట్నం చుక్క నొక్కాను, పాతకాలం నుంచీ అక్కడ సముద్రాన్ని కొలిచే గేజ్ ఉంది కాబట్టి. కానీ విశాఖ నిలబడింది రాయి మీద, మనం బతికేది ఒండ్రు మీద. డెల్టా మట్టి తన బరువుకి తానే అణిగిపోతుంటుంది, ఏటా వరద తెచ్చే కొత్త మట్టి ఆ లోటు పూడ్చాలి. గోదారి 1971-79 మధ్య ఏడాదికి సగటున 15 కోట్ల టన్నుల మట్టి తెచ్చేది, 1990-98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకి పడిపోయింది. మిగతాది ఎగువన ఆనకట్టల వెనక ఆగిపోతోంది. మొగ దగ్గర ఇసుక తిన్నెలు కోసుకుపోవడం, ఉప్పాడలో రోడ్డు మీదకి అలలు రావడం మనం చూస్తూనే ఉన్నాం. సైటులో నేల కదలికకి ఒక అంకె కలుపుతారు కానీ అది ఎన్నో ఏళ్ల గేజ్ కొలతల నుంచి తీసిన మోటు లెక్క, మీ చేను ఎంత అణిగిందో దానికి తెలియదు. కాబట్టి కోనసీమలో ఉండేవాళ్లు అక్కడ వచ్చిన అంకెని కనీసం అనుకోండి, అంతకంటే తగ్గుతుందనుకోకండి. ఇంకో లోటు భాష. అంతా ఇంగ్లీషే. మావయ్యగారికి నేను పక్కన కూర్చుని చదివి చెప్పబట్టి సరిపోయింది, లేకపోతే రైతు ఒక్కడే తెరిచి చూసుకునేట్టు లేదు. ఇంత పని చేసినవాళ్లు తీరప్రాంత భాషల్లో పెట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఒక హెచ్చరిక. సముద్రం పెరిగితే ఏ ఊరు మునుగుతుందో నీలం రంగు పూసి చూపించే మ్యాపులు వేరే ఉన్నాయి, వాటిని దీన్నీ కలిపి చూడకండి. ఈ సైటు నీళ్లు ఎంత పెరుగుతాయో చెప్తుంది గానీ ఎవరిల్లు మునుగుతుందో చెప్పదు. నేను చూసిన ఒక మ్యాపులో కోనసీమ సగం నీలం, గట్లు, లాకులు ఉన్నాయన్న ధ్యాసే లేదు, అది చూసి మా అత్తయ్యగారు ఆ రాత్రి నిద్రపోలేదు. ఇంకోదానిలో మా ఊరు పది మీటర్ల ఎత్తున ఉంది. ఇది ఎలా సాధ్యమని వెతికితే తేలింది, 2000లో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో తీసిన ఎత్తుల్ని చాలా మ్యాపులు వాడతాయి, ఆ రాడార్ చెట్లున్నచోట నేలని కాకుండా చెట్ల తలల దరిదాపుల్ని కొలుస్తుంది. మా ఊరంతా కొబ్బరితోటలే. తోట ఎత్తుని ఊరి ఎత్తని చూపించారన్నమాట. మీ స్థలం ఎత్తు తెలియాలంటే లెవెల్ మిషన్ పెట్టే సర్వేయర్ని పిలిపించుకోవడమే, మేం అదే చేశాం.

ఇంతకీ మేం ఏం తేల్చుకున్నామంటే. ఇల్లు యాభై అరవై ఏళ్లు నిలవాలి, అందులో మొదటి పాతికేళ్లలో, ఇప్పటికే పెరిగింది పోగా ఆ జానెడులో మిగిలింది పెరగడం దాదాపు ఖాయం, ఆ తర్వాత మూరెడు అవుతుందో ఇంకా ఎక్కువో ఎవరూ చెప్పలేరు. ఆ జానెడు ఇంట్లోకి రాదు, డ్రెయిన్‌లోకి వస్తుంది. మా మురుగు కాలువ పాటు సమయంలోనే సముద్రంలోకి లాగుతుంది, పోటు వస్తే ఎగదన్నుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా ఇంట్లోకి నీళ్లు రాలేదు, కానీ పెరట్లో నిలిచినవి ఎంతకీ పోలేదు, పున్నమి పోటు తగ్గితే గానీ కాలువ కదల్లేదు. కడలి జానెడు లేస్తే ఆ లాగే గంటలు ఇంకా తగ్గుతాయి. ఇది చెప్పాక మావయ్యగారే అన్నారు, "అయితే గోదారి, సముద్రం రెండూ కలిసే వస్తాయన్నమాట" అని. మా మరిది ఏమీ అనలేదు, వెళ్లి టేపు తెచ్చాడు. మేకు నుంచి నేల దాకా కొలిచారిద్దరూ.

నాలుగున్నర అడుగులు వేస్తున్నాం. మూడు కాదు, ఆరు కాదు. ఆరుకి మట్టి తోలించడానికే గోడల ఖర్చంత అయ్యేట్టుంది, పైగా మెట్లు ఎక్కలేని పెద్దవాళ్లున్నారు. ఇక్కడి గోడలకి కింద మూడడుగుల దాకా ఉప్పు పొంగి సున్నం రాలుతోంది కాబట్టి బేస్‌మెంటు మీద చెమ్మ ఎక్కకుండా పొర ఒకటి వేయమన్నాం, కరెంటు బోర్డులు, మోటారు స్టార్టరు నడుము పైన పెట్టిస్తున్నాం. మొగ వైపు ఎకరం చవగ్గా వస్తోందని పిల్లల పేరున కొందామనుకున్నది మాత్రం మానేశాం. అది వాళ్లు 2080లోనో 2100లోనో అనుభవించాల్సిన నేల, అక్కడ పట్టీ అంత వెడల్పుగా ఉంటే నేను ధైర్యం చేయలేను.

సైటుకి 5కి 4 ఇస్తాను. తెరిచాక మధ్య గీత ఒక్కటే చూసి మూసేయకండి, పట్టీ పై అంచు, కింద అంచు రెండూ కాగితం మీద రాసుకోండి, మీ ఇల్లు ఎన్నేళ్లు నిలవాలో పక్కన వేసుకోండి. పాత ద్వారబంధం పారేయడం లేదు. సర్వేయర్ లెవెల్ చూసి పెట్టాక ఆ మేకు ఎత్తు కొత్త గోడ మీద ఎక్కడికి వస్తుందో అక్కడ ఎర్ర రంగుతో గీత గీయమని మావయ్యగారు మేస్త్రికి చెప్పారు.