జావా కోర్సు కొనబోయేవారికి హెచ్చరిక: డబ్బు కట్టే ముందు తేదీల పాఠం చూడండి

ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నవారి కోసమంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న, జావా అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పే ఒక రికార్డెడ్ కోర్సును ఇటీవల డబ్బు కట్టి తీసుకున్నాను. తాజా జావాకు తగ్గట్టు తయారుచేశామని ప్రకటనలో రాశారు గానీ, తేదీల అధ్యాయం మొత్తం పాత డేట్, క్యాలెండర్ క్లాసులతోనే (జావాలో సిద్ధంగా ఉండే కోడ్ భాగాలతోనే) నడిచింది. తేదీల కోసం 2014లో జావా 8తో వచ్చిన కొత్త క్లాసుల సముదాయం, జావా.టైమ్ ప్యాకేజీ ఊసే అందులో లేదు. పాత కోడ్ ఇంకా చాలా కంపెనీల్లో ఉంది కాబట్టి క్యాలెండర్ నేర్పడాన్ని నేను తప్పుపట్టను. దాన్నే సరైన పద్ధతిగా, అదీ తప్పులతో నేర్పడంపైనే నా ఫిర్యాదు.

కోర్సులోని ప్రాజెక్టు అప్పు వాయిదాల తేదీలను లెక్కగట్టేది. క్యాలెండర్‌లో నెలలు సున్నా నుంచి మొదలవుతాయి, అంటే జనవరి 0, డిసెంబరు 11. ఆ సంగతి చెప్పకుండానే, 2024 జనవరి 31 కోసం 2024, 1, 31 అని ఇచ్చారు. జావా దాన్ని ఫిబ్రవరి 31గా తీసుకుని, అలాంటి తేదీ లేదని అభ్యంతరం చెప్పకుండా, మార్చి 2గా మార్చేసింది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం ఆగదు, అప్పు తీసుకున్నవారి వాయిదా తేదీ మాత్రం మారిపోతుంది.

తేదీని ముద్రించే ఫార్మాట్‌లో సంవత్సరానికి స్మాల్ వై బదులు క్యాపిటల్ వై వాడారు. అది వారాల లెక్కన నడిచే సంవత్సరం కాబట్టి, అమెరికా లొకేల్‌లో (ప్రాంతీయ సెట్టింగ్‌లో) 2024 డిసెంబరు 29, 30, 31 తేదీల పక్కన 2025 అని వస్తుంది. మిగతా రోజుల్లో అంతా సవ్యంగానే కనిపించడం వల్ల టెస్టింగ్‌లో కూడా ఇది దొరకదు.

జావా.టైమ్‌లోని లోకల్‌డేట్ క్లాసులో జనవరి అంటే 1, లేని తేదీ ఇస్తే వెంటనే ఎక్సెప్షన్ (ఎర్రర్) వస్తుంది. అయినా నేర్పవలసినది ఉంది: 2024 జనవరి 31కి ఒక నెల కలిపితే ఫిబ్రవరి 29, దానికి మరో నెల కలిపితే మార్చి 29 వస్తుంది గానీ 31 రాదు, అందుకని ప్రతి వాయిదానూ మొదటి తేదీ నుంచే లెక్కించాలి.

ఇవన్నీ వివరంగా రాసి పంపితే, చాలా వీడియోలు చూసేశారన్న కారణంతో డబ్బు వాపసుకు నిరాకరించారు. మీరు ఏ కోర్సు కొంటున్నా తేదీల పాఠాన్ని నమూనాగా చూపమని ముందే అడగండి. అందులో లోకల్‌డేట్ కనిపించకపోతే కొనకండి.