ఆర్‌డీ 350 కరెంటు సామాను కోసం చెన్నైలో రెండు రోజులు

ముందు కోపం తీర్చుకుంటాను, వివరాలు తర్వాత. మా పాత ఆర్‌డీ 350 బైకు కోసం కొన్న ఒక వైరింగ్ కిట్టు మా అటక మీద పడి ఉంది. ఖరీదు 6,200 రూపాయలు. చెన్నైలో మౌంట్ రోడ్డుకు దగ్గర్లో అద్దాల తలుపులున్న ఒక షాపులో కుర్చీ వేసి, ఏసీ పెంచి, బాదం పాలు తాగించి మరీ అంటగట్టారు. "పాత స్టాక్ సార్, కంపెనీది. ఇక దొరకదు" అన్నాడాయన. దొరకదన్న మాట వినగానే మనిషికి బుర్ర పనిచేయదు. నాకూ అంతే అయింది.

బండి రాజ్‌దూత్ 350. యమహా లైసెన్సుతో ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి మన దేశంలో చేసిన ఆర్‌డీ. మాది 27 హార్స్‌పవర్ ఎల్‌టీ (లో టార్క్), 30.5 ఉండే హెచ్‌టీ (హై టార్క్) కాదు. ఇంజను పని విజయవాడ ఆటోనగర్‌లోనే సాఫీగా అయిపోయింది. ఏడిపించింది కరెంటు. ఏడాదిలో రెండు బ్యాటరీలు ఉడికిపోయాయి, ఒక్కోటి 1,150. రెండోసారి యాసిడ్ పొంగి ఫ్రేము మీద కొత్తగా కొట్టించిన పెయింటు కూడా లేచిపోయింది. బ్యాటరీకి వెళ్లే చార్జింగు వోల్టేజీని అదుపులో ఉంచేది రెగ్యులేటర్. ఎవరికి చూపించినా ఒకటే మాట, "రెగ్యులేటర్ పోయింది, పనిలో పనిగా వైరింగ్ కూడా మార్చేయండి." సరేనని పినాకినిలో బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. వాడు బండి కోసం రాలేదు, మెరీనా బీచి కోసం వచ్చాడు. ఆ సంగతి రైలు గూడూరు దాటాక చెప్పాడు.

ఎగ్మోర్ స్టేషన్ దగ్గర సందులో లాడ్జి, డబుల్ రూము 1,400. ప్లగ్ పాయింటు టీవీ పైన, చెయ్యి అందనంత ఎత్తులో ఉంది. ఫోను చార్జింగుకి పెట్టాలంటే స్టూలు ఎక్కాలి. అది పోనీ. రాత్రి భోంచేసి వచ్చి కిట్టు మంచం మీద పరిచాను. రెండు కొసల్లోనూ రంగులు ముచ్చటగా ఉన్నాయి: కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వైపు మూడు తెల్లవి, అందులో అయస్కాంతంలా పనిచేసే ఫీల్డ్ కాయిల్‌కి ఆకుపచ్చది, తాళం చెవి తిప్పాక కరెంటు తీసుకెళ్లే బ్రౌన్ వైరు. అయితే టేపు మీద వేళ్లు పోనిస్తుంటే జానెడు దూరానికో గడ్డ తగులుతోంది, మల్లెపూల దండలో ముడుల్లాగా. బ్లేడుతో టేపు కోశాను. రంగులన్నీ అక్కడితో సరి! నాలుగంగుళాల రంగు వైరు, దానికి మెలిపెట్టిన సన్నటి నల్ల వైరు, మళ్లీ అవతలి కొసన నాలుగంగుళాల రంగు. లెడ్డు పెట్టిన (సోల్డరింగ్ చేసిన) జాయింటు ఒక్కటి లేదు.

నేను తల పట్టుకుని కూర్చున్నప్పుడే రూం బాయ్ నీళ్ల బాటిల్ తెచ్చాడు. మంచం నిండా వైర్లు, పక్కన మల్టీమీటరు, చేతిలో బ్లేడు. వాడు బాటిల్ గుమ్మంలోనే పెట్టి వెళ్లిపోయాడు. ఐదు నిమిషాల్లో మేనేజరు పైకి వచ్చి ఆధార్ కార్డులు మళ్లీ అడిగాడు. బండి ఫోటోలు చూపించి, సైలెన్సర్ల శబ్దం వీడియో వినిపించి, అరగంట నచ్చజెప్పాక గానీ కిందికి దిగలేదు. మా వాడైతే, "బావా, నేను వేరే రూము తీసుకుంటాను, నువ్వెవరో నాకు తెలీదు" అన్నాడు. మర్నాడు ఖాళీ చేసేటప్పుడు దుప్పటికి మరకలని 200, చెక్ అవుట్ ఇరవై నిమిషాలు లేటయిందని సగం రోజు అద్దె 700. ఆ దుప్పటి మేం రాకముందు నుంచే అలా ఉంది. పనిముట్లతో వెళ్లేవాళ్లు రూములో దిగగానే దుప్పటి ఫోటో తీసి పెట్టుకోండి, నవ్వులాటకి చెప్పడం లేదు.

పొద్దున్నే షాపుకి వెళ్తే అదే మనిషి, అదే చిరునవ్వు. "ఎలక్ట్రికల్ ఐటమ్ రిటర్న్ లేదు సార్, మీరు టేపు కూడా కోసేశారు." బిల్లు చూపిద్దామంటే మా దగ్గరున్నది 'ఎస్టిమేట్' అని రాసిన తెల్ల చీటీ. ఈసారి బాదం పాలు ఇవ్వలేదు.

అక్కణ్నుంచి ఆటోలో పుదుపేట, 120 రూపాయలు. విప్పేసిన కార్ల సామానే ఎక్కువ. వెతికితే బైకుల సామాను పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. ఒక పెద్దాయన రేకుల కింద గోనెపట్టా పరుచుకుని కూర్చున్నాడు, తెలుగు వచ్చు. మర్యాద మాత్రం రాదు. బేరమాడితే ముఖం తిప్పుకుంటాడు. "అమ్మింది వాపసు తీసుకోను. ఏం చూసుకున్నా ఇక్కడే చూసుకో" అని ఒక బ్యాటరీ, హోల్డరుకి బిగించిన బల్బు నా ముందుకి తోశాడు. గంటసేపు చూశాను, వద్దనలేదు. పాత మెకానికల్ రెగ్యులేటర్ 900కి తీసుకున్నాను. బల్బు వెలిగితే కాంటాక్టులు కలిశాయని తెలుస్తుంది, వోల్టేజీ పెరిగినప్పుడు విడిపోతాయో లేదో మాత్రం దీనితో తెలియదు. ఇగ్నిషన్ స్విచ్ 350. తాళం చెవి ఎంత కుదిపినా మీటరు 0.2 ఓమ్స్ దగ్గరే నిలబడింది, అందుకని అదీ తీసుకున్నాను. తర్వాత జనరల్ ప్యాటర్స్ రోడ్డులో వైర్ల కొసలు ఒకదాన్నొకటి కలిపే 3.9 మిల్లీమీటర్ల బుల్లెట్ కనెక్టర్లు ఒక ప్యాకెట్టు, 240. జపాన్ బళ్ల కొలత అదే. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ బండిలాంటి, లూకస్ కంపెనీ వైరింగ్ ఉన్న బళ్లకు వాడే 4.7వి ఇస్తామంటారు, పుచ్చుకోకండి, వదులవుతాయి.

మెరీనాకి టైము చాల్లేదు. తిరుగు ప్రయాణంలో నెల్లూరు దాకా వాడు నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి రెగ్యులేటర్ మార్చాను. స్టార్ట్ చేసి కాస్త రెయిజ్ చేస్తే బ్యాటరీ దగ్గర 16.1 వోల్టులు, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. అంటే బండిలో మొదట ఉన్నదాని తప్పేం లేదు! అప్పుడు చేశాను ముందే చేయాల్సిన పని. తాళం ఆన్ చేసి, హెడ్‌లైట్ వేసి, మీటరు ఒక కొస బ్యాటరీ ప్లస్‌కి, రెండోది రెగ్యులేటర్ దగ్గరి బ్రౌన్ వైరుకి పెట్టాను. సున్నాకి దగ్గరగా ఉండాల్సింది 1.3 చూపించింది. ఈ బండిలో రెగ్యులేటర్ వోల్టేజీ కనిపెట్టేది ఆ బ్రౌన్ వైరు ద్వారానే. స్విచ్చిలోనూ పాత బుల్లెట్ కనెక్టర్లలోనూ 1.3 వోల్టులు పోతుంటే, పాపం అది బ్యాటరీ నీరసంగా ఉందనుకుని ఫీల్డ్ కాయిల్‌కి ఇంకా ఇంకా కరెంటు తోస్తుంది, ఆల్టర్నేటర్ అంతకంతకూ చార్జింగు పెంచుతుంది. బ్యాటరీ ఉడికిపోక ఏమవుతుంది? 350 రూపాయల స్విచ్ మార్చి, బ్రౌన్ లైనులో ఐదు బుల్లెట్ కనెక్టర్లు కోసి కొత్తవి లెడ్డు పెట్టి అతికిస్తే తేడా 0.2కి దిగింది. చార్జింగు 14.4 వోల్టులకి వచ్చింది. పాత వైరింగే ఉంచి, బండిలో మొదట ఉన్న రెగ్యులేటరే మళ్లీ బిగించాను.

ఆ 6,200 కిట్టులోంచి తొమ్మిది రబ్బరు తొడుగులు పనికొచ్చాయి. ఒక్కోటి 689 రూపాయలు పడింది.