ఈకే80 శాస్త్రీయ ఎకోసౌండర్: లోతులేని తీరజలాల్లో ఎంతవరకు పనికొస్తుంది?

నార్వేకు చెందిన కాంగ్స్‌బర్గ్ సంస్థ సిమ్రాడ్ పేరుతో తయారు చేసే ఈకే80 ఎకోసౌండర్‌ను, అంటే నీటిలోకి ధ్వనిని పంపి ప్రతిధ్వనితో కొలిచే పరికరాన్ని, ఎక్కువగా పెద్ద పరిశోధన నౌకల మీద, లోతైన సముద్రంలో వాడతారు. ఈ సమీక్షలో నేను పరిశీలిస్తున్నది వేరే సందర్భం. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో 20 నుంచి 50 మీటర్ల లోతున్న నీటిలో, అద్దెకు తీసుకున్న మరపడవ పక్కన ఇనుప గొట్టానికి ట్రాన్స్‌డ్యూసర్‌ను (ధ్వనిని పంపి, ప్రతిధ్వనిని అందుకునే భాగం) బిగించి, చేపల గుంపులు, రొయ్యపొట్టు, గాలిబుడగలు, అడుగునున్న బురద ధ్వనిని ఎలా చెదరగొడతాయో కొలవాలనుకునేవారికి ఇది ఎంతవరకు తోడ్పడుతుందన్నదే నా ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. పరికరం చాలా గొప్పది. అయితే తీరజలాల్లో దాని అసలు విలువ, అందరూ చెప్పుకునే వెడల్పాటి పౌనఃపున్య పట్టీలో (ఒకే నాదంలో అనేక పౌనఃపున్యాలను పంపడం) కంటే, ప్రతి ప్రతిధ్వనినీ నమ్మదగిన అంకెగా మార్చగల శక్తిలోనే ఎక్కువగా ఉంది.

వేటకు వెళ్లే పడవల్లోని ఫిష్ ఫైండర్ కూడా ధ్వనిని పంపి ప్రతిధ్వనిని వింటుంది, కానీ అది తెర మీద రంగులు చూపించి ఊరుకుంటుంది. ఈకే80 ట్రాన్స్‌డ్యూసర్ సాధారణంగా నాలుగు భాగాలుగా విడిపోయి ఉంటుంది. ఒకే ప్రతిధ్వని ఆ నాలుగు భాగాలను చేరడంలో ఉండే సూక్ష్మమైన దశాభేదాన్ని (తరంగం చేరే సమయంలోని తేడాను) బట్టి, చేప ధ్వనిపుంజం మధ్యలో ఉందో అంచున ఉందో లెక్క తేలుతుంది. అంచున ఉన్న పెద్ద చేప, మధ్యలో ఉన్న చిన్న చేప ఒకేలా వినిపించే చిక్కు దీనితో తీరిపోతుంది. చేప నుంచి వచ్చే ప్రతిధ్వనిలో 90 శాతానికి పైగా దాని గాలితిత్తి నుంచే వస్తుంది కాబట్టి, ఈ అంకెల వెనుక ఉన్నది మాంసం కంటే గాలి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

క్యాలిబ్రేషన్, అంటే తెలిసిన ప్రతిధ్వనితో పరికరాన్ని సరిచూసుకోవడం, లేకపోతే ఇంత ఖరీదైన యంత్రానికి, ఫిష్ ఫైండర్‌కు తేడా లేదు. ఇందుకు 38.1 మిల్లీమీటర్ల వ్యాసం గల టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని వాడతారు. చూడటానికి నిమ్మకాయంత ఉన్నా 400 గ్రాములకు పైగా తూగుతుంది. దాన్ని మూడు తంగూసు దారాలతో పడవ కింద వేలాడదీసి, దారాలను ఒక్కొక్కటిగా లాగుతూ వదులుతూ గోళాన్ని ధ్వనిపుంజం అంతటా తిప్పాలి. దించే ముందు గోళాన్నీ, దారపు ముడినీ సబ్బునీటిలో ముంచడం తప్పనిసరి, ఎందుకంటే లోహానికి అంటుకున్న కంటికి కనిపించని గాలిబుడగలు సైతం కొలతను పాడు చేస్తాయి. తెర మీద చుక్కలు ఒక్కొక్కటిగా పడుతూ, ధ్వనిపుంజాన్ని చూపే వృత్తం నిండే వరకు ఓపిక పట్టాలి. ఈకే80 సాఫ్ట్‌వేర్ ఈ పనిని చక్కగా నడిపిస్తుంది. వృత్తంలో ఏ మూల ఖాళీగా ఉందో అప్పటికప్పుడు కనిపిస్తుంది. వెడల్పాటి పట్టీలో పని చేసేవారు మరో పరిమాణంలో రెండో గోళాన్ని కూడా తీసుకెళ్లాలి. ప్రతి గోళమూ కొన్ని పౌనఃపున్యాల వద్ద దాదాపు మూగబోతుంది. అక్కడ రెండోదే ఆధారం.

మన నీటి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఉష్ణోగ్రత 28 డిగ్రీలు, లవణీయత వెయ్యి పాళ్లకు 30 ఉన్న బంగాళాఖాతపు పైనీటిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 1536 మీటర్లు. సెట్టింగులో 1500 అని ఉంచితే 30 మీటర్ల లోతు దగ్గర దాదాపు 70 సెంటీమీటర్ల తేడా వస్తుంది. వర్షాకాలం తరువాత నదుల మంచినీరు పైపొరగా పరుచుకున్నప్పుడు ఈ వేగం పై నుంచి కిందికి మారుతూ ఉంటుంది కాబట్టి, సీటీడీ (లోతును బట్టి నీటి లవణీయత, ఉష్ణోగ్రతలను కొలిచే పరికరం) కొలత లేకుండా పనికి దిగకూడదు.

ఇక వెడల్పాటి పట్టీ విషయం. మామూలు పద్ధతిలో 1.024 మిల్లీసెకన్ల నాదం పంపితే నిలువునా 77 సెంటీమీటర్ల లోపు ఉన్న రెండు చేపలు ఒకటిగా కలిసిపోతాయి. అదే 120 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్‌తో సుమారు 95 నుంచి 160 వరకు పౌనఃపున్యాన్ని జార్చుతూ పంపితే, సిద్ధాంతపరంగా సెంటీమీటరుకు కాస్త పైన, ఆచరణలో కొన్ని సెంటీమీటర్ల వరకు విడదీయగలం. అంతకంటే ముఖ్యంగా, తరంగదైర్ఘ్యం కంటే చిన్నదైన రొయ్యపొట్టు ప్రతిధ్వని పౌనఃపున్యంతో పాటు పెరుగుతూ పోతుంది. గాలితిత్తి ఉన్న నెత్తళ్ల ప్రతిధ్వనిలో అంతటి పెరుగుదల ఉండదు. ఒకే ట్రాన్స్‌డ్యూసర్‌తో ఈ తేడాను చూడగలగడం నిజంగా సంతోషం కలిగించే విషయం.

అయితే లోతులేని నీరు ఈ సంతోషాన్ని పైనా కిందా కత్తిరిస్తుంది. ట్రాన్స్‌డ్యూసర్ మునిగిన లోతు, దాని సమీపక్షేత్రం (ధ్వనిపుంజం ఇంకా కుదురుకోని, కొలతకు పనికిరాని దగ్గరి దూరం), అలలు కలిపే బుడగలు అన్నీ కలిసి పై మూడు నాలుగు మీటర్లను మింగేస్తాయి. 20 మీటర్ల నీటిలో అది దాదాపు అయిదో వంతు. కవ్వలు, నెత్తళ్లు తరచుగా తిరిగేది అక్కడే. కింద మరో ఇబ్బంది ఉంది. 7 డిగ్రీల పుంజం 30 మీటర్ల లోతులో 3.7 మీటర్ల వృత్తాన్ని తాకుతుంది. అడుగు వాలుగా ఉంటే ఎత్తైన అంచు నుంచి ముందే వచ్చే ప్రతిధ్వని దాని పక్కనున్న చేపలను కప్పేస్తుంది. జారే నాదం వాడినప్పుడు అడుగు నుంచి వచ్చే బలమైన ప్రతిధ్వనికి ముందు కూడా పలచని నీడలు పడతాయి. ఇది ఈ ఒక్క పరికరపు లోపం కాదు, ఆ సంకేతాన్ని కుదించే గణిత పద్ధతిలోనే ఉన్నది. గోదావరి ముఖద్వారం వైపు మెత్తటి బురద ఉన్నచోట ధ్వని అడుగులోకి చొచ్చుకుపోతుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ తనంతట తాను గీసే అడుగు గీతను చేత్తో సరిదిద్దక తప్పదు. ఇక లోతు మరీ తక్కువగా ఉన్న కాకినాడ అఖాతం లోపలికి ఈ అమరికను తీసుకెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

కొత్తవారిని ఎక్కువగా మోసం చేసేది పింగుల వేగం, అంటే సెకనుకు ఎన్నిసార్లు ధ్వనిని పంపుతామన్నది. సెకనుకు 10 పింగులు పెడితే ఒక్కో పింగుకు దక్కే నీరు సుమారు 75 మీటర్లు. 30 మీటర్ల లోతులో గట్టి ఇసుక అడుగు ఉంటే, ధ్వని అడుగుకూ ఉపరితలానికీ మధ్య మూడోసారి తిరిగొచ్చేసరికి 90 మీటర్ల లోతుకు సమానమవుతుంది. అందువల్ల అది తరువాతి పింగులో 15 మీటర్ల దగ్గర, అచ్చం ఒక చేపల పొరలా కనిపిస్తుంది. పింగుల వేగం మార్చి చూస్తే ఆ పొర తన చోటు మారుతుంది, నిజమైన చేపలు మారవు. సెకనుకు మూడు పింగులతో సరిపెట్టుకోవడం మంచిది.

పౌనఃపున్యం ఎంపికలో నా సలహా స్పష్టం: ఒక్కటే కొనగలిగితే 120 కొనండి. 38 కిలోహెర్ట్జ్ ట్రాన్స్‌డ్యూసర్ చిన్న పడవకు మరీ పెద్దది, దాని సమీపక్షేత్రం కూడా ఎక్కువ. మన హార్బర్ల దగ్గర తిరిగే పడవల ఫిష్ ఫైండర్లు సాధారణంగా 50, 200 కిలోహెర్ట్జ్‌ల మీద మోగుతాయి కాబట్టి 70, 200 ట్రాన్స్‌డ్యూసర్ల పట్టీల్లో వాటి గోల నేరుగా వచ్చి పడుతుంది. 120 పట్టీ వాటికి మధ్యలో ప్రశాంతంగా ఉంటుంది. శక్తిని 250 వాట్లకు మించనివ్వకండి. అంతకు మించితే ధ్వనిలో కొంత భాగం హరాత్మకాల్లోకి (పంపిన పౌనఃపున్యానికి రెట్టింపు, మూడు రెట్లు ఉన్న ధ్వనుల్లోకి) పోయి కొలత తప్పుతుంది.

ఫైళ్లు గిగాబైట్ల కొద్దీ పెరుగుతాయి. పడవ మీదే రెండు డిస్కుల్లో భద్రపరచాలి. విశ్లేషణకు డబ్బు పెట్టలేని విద్యార్థులకు ఎకోపైప్ అనే ఉచిత పైథాన్ సాధనం ఈ ఫైళ్లను చదివిపెడుతుంది, అది ఎంతో మేలు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు చూసిన ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం ఆధారంగా మత్స్యకారులకు వేట సూచనలు ఇస్తోంది. ఆ ఉపరితలం కింద ఏముందో చెప్పే కొలతలు మన తీరంలో ఇంకా ఎన్నో రావాలని నేను మనసారా కోరుకుంటున్నాను. విశ్వవిద్యాలయ విభాగాలు ఇండెంటు రాసేటప్పుడు రెండో ట్రాన్సీవర్‌కు (ట్రాన్స్‌డ్యూసర్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) బదులు రెండు గోళాలు, ఒక సీటీడీ, వణకని మంచి గొట్టపు అమరిక అడగాలి.